అంటు లేని నీళ్ళు

మొగుడు సత్తియ్య పోయిన రోజున లోవలక్ష్మి మొగల్తూరు సంత నుంచి ఎప్పటికంటే ముందే తిరిగి వచ్చింది. ఎండుచేప త్వరగా అమ్ముడుపోయింది. ఖాళీ గంపను చూరు కింద బోర్లించి, లోపలికి వినబడేలా, "ఇదిగో, వచ్చేశాను" అంది. ఎప్పుడూ ఆ మాటకు లోపలినుంచి ఒక దగ్గు వినిపించేది. ఆ రోజు వినిపించలేదు.

పొద్దున ఆమె తిప్పి పెట్టి వెళ్ళిన పక్కకే ఉన్నాడు. కుడిచెయ్యి చాచి ఉంది. చేతికి జానెడు దూరంలో నీళ్ళ ముంత పక్కకు దొర్లి పడి ఉంది. లోవలక్ష్మి ముందు అతని నుదురు మీద చెయ్యి వేసింది. తరువాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ తరువాత, ఎందుకో తనకే తెలియకుండా, ముంత కింద ఇసుక తడిమి చూసింది. ఇసుక పొడిగా ఉంది.

వైశాఖమాసపు ఎండ. కాలువలు కట్టేసి పదిహేను రోజులైంది. ఆ వేడికి కడవెడు నీళ్ళు ఒలికినా గడియలో ఆనవాలు ఉండదు. అతను తాగి ముంత వదిలేశాడో, తాగబోతే జారి ఒలికిపోయిందో, ఆ ఇసుక చెప్పలేదు. ముంత ఎత్తి లోపలికి చూసింది. చుక్క లేదు. దాన్ని నిటారుగా గోడవారన పెట్టింది. అప్పుడు బయటికి వచ్చి, పక్క గుడిసెలో ఉన్న తలుపులమ్మను పిలిచింది.

స్నానం చేయించడానికి నలుగురు పట్టి అతన్ని బోర్లా తిప్పినప్పుడు పాలెంలో సగం మంది అక్కడే ఉన్నారు. పడవను నీళ్ళలోకి దింపేటప్పుడు దుంగ జారి నడుం మీదికి వచ్చి, నడుం కింద చచ్చుబడిన మనిషి. మూడేళ్ళు నేలమీద ఇసుకపక్క మీదే ఉన్నాడు. తలుపులమ్మ అతని వీపు మీద అరచెయ్యి ఆన్చి, మెడ దగ్గరనుంచి పిర్రల దాకా నిమిరింది.

"మూడేల్లు పడుకున్న ఒల్లేనా ఇది? సీమ కుట్టినంత మచ్చ లేదే!" అంది చుట్టూ ఉన్నవాళ్ళతో.

వాళ్ళు వంగి చూశారు. ఒకాయన మడమలు కూడా ఎత్తి చూశాడు. లోవలక్ష్మి చూరు కింద గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ మాటలు విన్నది. ఆమె చూపు మాత్రం గోడవారన ఉన్న ముంత మీద ఉంది.

*

పెద్దదినం అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. గుడిసె ఒక్కసారి పెద్దదైనట్టు అనిపించింది.

చూరును మోసే గుంజ నీడ వాకిట్లో పడుతుంది. పొద్దున అది రోలు మీద ఉంటుంది. రోలు దాటితే ఒకసారి, తులసికోట మొదలు తాకితే ఒకసారి, చేపలు ఆరేసే పందిరి రాట దాటితే ఒకసారి, అలా సత్తియ్యను పక్క మార్చేది. సంత రోజుల్లో ఆ పని తలుపులమ్మ ముసలి తల్లి చేసేది. సత్తియ్య పోయిన నాడు ఆమె జ్వరంతో లేవలేకపోయింది. ఇప్పుడు నీడ అలాగే నడుస్తోంది. నీడ రోలు దాటగానే లోవలక్ష్మి లేచి, అతను పడుకున్న చోటి దాకా వెళ్ళి, చేతులు చాచి, ఆగిపోయేది. తిరిగి వచ్చి కూర్చునేది. మళ్ళీ నీడ తులసికోట దగ్గరికి వచ్చేది.

ఒకనాడు తలుపులమ్మ గంప దింపి వాకిట్లో కూలబడింది. "నీకో మాట సెప్పాలే," అంది. "అవతలూళ్ళో రాజుగారి లోగిలికి నేను ఎండుచేప ఏత్తానుగా. ఆ ముసలమ్మగారికి పచ్చవాతం వచ్చి నాలుగు నెలలయిందంట. కుడిపక్క పడిపోయింది. మాట లేదు. ఒల్లంతా పుల్లు పడతన్నాయంట. మా సత్తియ్యకి మూడేల్లలో ఒక్క పుండు లేదండీ అన్నాను. కోడలుగారు నిలబడిపోయింది. ఆ మనిషిని తీసుకురా అంది."

"నేను చేపలమ్ముకునేదాన్ని. ఎవరి ఒల్లో కడగడం నాకెందుకే?"

"మూడేల్లు కడిగావుగా."

"అది మాయన ఒల్లు."

"ఒల్లు ఒల్లేనే. మీ ఆయన ఒల్లు మాగచేప, రాణీగారి ఒల్లు పండుగప్పచేపా?" అని తలుపులమ్మ నవ్వబోయి, మానుకుంది. "నువ్వు ముండమోసి నెల కాలేదని కూడా సెప్పాను. వీధి గుమ్మం తొక్కకుండా దొడ్డిదారిన తీసుకురమ్మంది. ఘోషా ఇల్లు కదా, మగాల్లని లోపలికి పిలిచి ఎత్తించలేరు. పనోల్లు ముట్టుకోమంటున్నారంట."

వాకిట్లో నీడ పందిరి రాట దాటింది. లోవలక్ష్మి లేవబోయి, మోకాలిమీద చెయ్యి ఆన్చి, మళ్ళీ కూర్చుంది. తలుపులమ్మ అది చూసింది. చూడనట్టు గంపలో పొలుసులు దులుపుకుంది.

కాసేపటికి లోవలక్ష్మి అడిగింది.

"ఎప్పుడు రమ్మన్నారు?"

*

లోగిలి దొడ్డిలో కొబ్బరిచెట్లు దట్టంగా ఉన్నాయి. తలుపులమ్మ ఆమెను అరుగు దగ్గర వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ముసలమ్మగారి కొడుకు బుల్లిరాజుగారి భార్య సంపూర్ణమ్మ తలుపు వారగా నిలబడి ఉంది. నలభై ఏళ్ళు ఉంటాయి. తడిజుట్టు పాయలుగా భుజం మీద పడి ఉంది. నుదుటి పైన జుట్టు బాగా పలచబడిపోయింది.

"నువ్వేనా? రా. గడప మీద చెయ్యి వెయ్యకు," అంది.

గదిలో కిటికీ సగం మూసి ఉంది. పందిరిమంచం మీద దూదిపరుపు. పరుపులోంచి పుల్లటి వాసన వస్తోంది. మీద ఆమె అత్తగారు రత్నమాణిక్యమ్మగారు వెల్లకిలా పడుకుని ఉంది. పొడుగాటి మనిషి. ముఖం కుడివైపు కిందికి జారిపోయింది. ఎడమచెయ్యి దుప్పటి అంచును పట్టుకుని ఉంది.

"ఆవిడకేమీ తెలీదు," అంది సంపూర్ణమ్మ. "పిలిస్తే పలకదు. ఎవరొచ్చారో, ఎవరెళ్ళారో ఏమీ పట్టదు."

లోవలక్ష్మి మంచానికి ఎడమవైపు వెళ్ళి, ముసలామె కళ్ళకు ఎదురుగా వంగింది. "అమ్మగారండీ, నేను లోవలక్ష్మినండి. పాలెం నుంచి వచ్చానండి. మిమ్మల్ని ఈ పక్కకి తిప్పుతానండి. ముందు చెయ్యి తీత్తన్నాను," అంది.

రత్నమాణిక్యమ్మగారి కళ్ళు గబుక్కున ఆమె వైపు తిరిగాయి. అక్కడే ఆగాయి.

ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి తుంటి కిందికి పోనిచ్చి, తన మోకాలిని పరుపు అంచుకు ఆన్చి, చేపల గంపను నేలమీంచి తొడమీదికి లాగినట్టు మనిషిని తన వైపుకు లాక్కుంది లోవలక్ష్మి. ముసలామె మూలగలేదు. నడుం కింద, ఎముక ముగిసేచోట, అరచేతంత పుండు. మడమ మీద నల్లటి పొక్కు. వెనకాల సంపూర్ణమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇసక కావాలండి," అంది లోవలక్ష్మి.

"ఇసకేంటి?"

"సముద్రం ఒడ్డు ఇసకండి. జల్లించి, ఎండబెట్టి, పక్క వెయ్యాలండి. తుంటి దగ్గర, మడమల దగ్గర గుంట చేత్తే ఎముక ఆనదండి. పైన మెత్తటి పాతచీర పరత్తాను."

మాట బుల్లిరాజుగారి దాకా వెళ్ళింది. ఆయన మండువాలోంచే, గదిలోకి రాకుండా అన్నాడు. "మా అమ్మని ఇసకలో పడుకోబెడతావా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

లోవలక్ష్మి నేలచూపులు చూస్తూనే చెప్పింది. "పరుపు తడిని దాచుకుంటదండి. ఇసక దాచుకోదండి. తడిసినంత మేర తీసేసి, పొడిది పోత్తే సరిపోద్దండి."

"ఎంత కావాలి?" అన్నాడాయన చివరికి.

"రెండు గంపలండి."

"చేపల గంపలోనా!" అంది సంపూర్ణమ్మ.

"ఆయ్, కొత్త గంప ఇప్పించండి. దాంట్లోనే తెత్తాను."

రెండోరోజు పొద్దుటికి పందిరిమంచం పక్కకు జరిగింది. నేలమీద చెక్కల చట్రంలో జల్లించిన ఇసుక పోసి, అరచేత్తో చదును చేసి, మోచేత్తో గుంటలు చేసింది లోవలక్ష్మి. ముందు తను దానిమీద పడుకుని, ఎక్కడ నొక్కుతోందో చూసుకుంది. ఆ తరువాత ముసలామెను దింపింది. ఇసుక నెమ్మదిగా ఆమె ఒంటికింద సర్దుకుంది. రత్నమాణిక్యమ్మగారు ముక్కుతో పొడుగ్గా ఊపిరి వదిలింది. నాలుగు నెలల్లో ఆమె నుంచి వినబడిన మొదటి చప్పుడు అదేనని ఆ తరువాత సంపూర్ణమ్మ చెప్పింది.

దొడ్డి తలుపు దగ్గర గుంజ ఒకటి ఉంది. దాని నీడ ఎక్కడెక్కడికి వచ్చినప్పుడు పక్క మార్చాలో లోవలక్ష్మి సంపూర్ణమ్మకు చూపించింది. వంటింటి గడప, గంధపుసాన, నీళ్ళ గాబు. నీడ లేని రాత్రిపూట జాముకోసారి తిప్పడం సంపూర్ణమ్మ పని.

లోవలక్ష్మి ముట్టుకోవలసినవి ఏవో, ముట్టుకోకూడనివి ఏవో మొదటిరోజే చెప్పారు. మనిషిని ముట్టుకోవచ్చు. తడిసిన గుడ్డలు, ఇసుక, మాలిన్యం ముట్టుకోవాలి. మూల పీటమీద ఉన్న ఇత్తడి గుండిగను మాత్రం ముట్టుకోకూడదు. అందులో మంచినీళ్ళు ఉంటాయి. బావి ఉప్పు. కాలువ కట్టేసిన రోజుల్లో మంచినీళ్ళు రెండు కోసుల దూరంలోని చెరువు నుంచి కావడి మీద రావాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలవేళ ఒకసారి సంపూర్ణమ్మ వచ్చి, ఉగ్గుగిన్నెతో మూడు గుక్కలు అత్తగారి నోట్లో పోసి వెళ్ళేది.

మూడు గుక్కలు. లోవలక్ష్మి లెక్కపెట్టింది.

*

మూడోనాడు ముసలామె నోరు తుడుస్తుంటే నాలుక కనబడింది. బీటలు వారిన పొలంలా ఉంది. ముంజేతి చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే గుడిసెలా నిలబడి, ఎంతకీ దిగలేదు. ఇసుక తడిసింది దోసెడంతే. ముదురు పసుపు, ఘాటు వాసన. సత్తియ్య కూడా ఒక వేసవిలో ఇలాగే అయ్యాడు. తను సంతకు వెళ్ళే రోజుల్లో పక్క తడపకూడదని అతను నీళ్ళు మానుకునేవాడు. అది తెలిసిన రోజున లోవలక్ష్మి అతన్ని తిట్టింది. అతను నవ్వి, వెదురుసూదితో వల అల్లుకుంటూ ఉండిపోయాడు.

సంపూర్ణమ్మ మధ్యాహ్నం నీళ్ళు పోయడానికి వచ్చినప్పుడు అడిగింది.

"అమ్మగారండీ, ఇంకొంచెం పోయండి. ఆరిపోతన్నారు."

"వైద్యుడు పథ్యం చెప్పాడు. పక్షవాతానికి శీతలం పనికిరాదు. అయినా నీళ్ళు తాగితే పక్క తడుస్తుంది. తడిస్తే నానుతుంది. నానితే పుండు. పుళ్ళు పడకూడదనే కదా నిన్ను తెచ్చుకుంది?"

"పక్క నేను మారుత్తానండి. ఎన్నిసార్లయినా మారుత్తాను."

"నువ్వు సాయంత్రం వెళ్ళిపోతావు," అంది సంపూర్ణమ్మ. ఉగ్గుగిన్నె బోర్లించి వెళ్ళిపోయింది.

ఆ గుండిగ గదిలోనే ఉంది. లోవలక్ష్మి కూర్చునే చోటికి నాలుగు అడుగులు. ఎండ పెరిగేకొద్దీ గుండిగ ఒంటికి చెమ్మ పట్టి, ఒక్కొక్క చుక్కా పీటమీదికి జారేది. రత్నమాణిక్యమ్మగారు ఎడమపక్కకు తిరిగి ఉంటే ఆమె కళ్ళు ఆ చుక్కల మీదే ఉండేవి. కుడిపక్కకు తిప్పినప్పుడు గోడ చూసేది.

నాలుగోనాడు మధ్యాహ్నం లోగిలి అంతా నిద్రపోయింది. నీడ గంధపుసాన దాటింది. లోవలక్ష్మి ముసలామెను పక్క మార్చింది. పెదవులు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. తడిగుడ్డతో అద్దితే విడిపోయాయి. లోపలినుంచి వచ్చిన ఊపిరి వేడిగా ఉంది.

ఆమె లేచింది. ఉగ్గుగిన్నె తీసుకుంది. గుండిగ మూత తీసి, ముంచింది. చెయ్యి మణికట్టు దాకా చల్లబడింది. వచ్చి, ముసలామె తల కింద చెయ్యి పెట్టి, గడ్డం కొంచెం ముందుకు వంచి, గిన్నె మూతిని ఎడమ పెదవి చివర ఆన్చింది.

"తాగండి అమ్మగారండీ. ఎవరూ లేరు."

రత్నమాణిక్యమ్మగారు పళ్ళు బిగించింది.

అర్థం కాలేదేమోనని లోవలక్ష్మి గిన్నెను కొంచెం వంచింది. నీళ్ళు బిగిసిన పళ్ళమీద పడి, గడ్డం మీదుగా మెడలోకి కారాయి. ముసలామె తల పక్కకు తిప్పుకుంది. తిప్పుకోగలిగినంత తిప్పుకుంది. మెడనరాలు తేలాయి. ఆ కళ్ళలో కోపం లేదు. ఇంకేదో ఉంది. వేడుకుంటున్నట్టుగా ఉంది. ఎడమచెయ్యి లేచి గిన్నెకు తగిలింది. గిన్నె నేలమీద పడి గణగణ దొర్లింది.

సంపూర్ణమ్మ గుమ్మంలో ఉంది. మూత తీసి ఉన్న గుండిగ వంకా, లోవలక్ష్మి తడిచేతి వంకా చూసింది.

"అయ్యో," అంది. కేక కాదు, ఊపిరి పోయినట్టు. "అయ్యో, ఎంత పని చేశావే!"

ఆమే గుండిగను రెండు చేతులా ఈడ్చుకుంటూ దొడ్డిలోకి తీసుకెళ్ళింది. నిండుగుండిగ. అరుగుమీదనుంచి వంచింది. రెండు కోసుల దూరం నడిచి వచ్చిన నీళ్ళు కొబ్బరిచెట్ల మొదట్లో నురగ కట్టి, చూస్తుండగానే ఇంకిపోయాయి. లోపల ఇసుకపక్క మీద ముసలామె ఆ చప్పుడు వింటూనే ఉంది.

బుల్లిరాజుగారు కండువా సర్దుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాడు. "రేపటినుంచి రానక్కర్లేదు," అన్నాడు.

"ఆయ్," అంది లోవలక్ష్మి. కొత్తగంపలోంచి తన చీరముక్క తీసుకుంది. అప్పుడు సంపూర్ణమ్మతో, తల ఎత్తకుండానే అంది. "దాహంతో ఉన్నారండి. అదొక్కటి చూడండి."

"నాకు తెలీదనుకున్నావా?" అంది సంపూర్ణమ్మ. "ఒక్క గుక్క ఎక్కువ పోస్తే ఒకసారి ఎక్కువ మార్చాలి. మార్చిన ప్రతిసారీ తలమీంచి నీళ్ళు పోసుకోవాలి. ఉప్పునీళ్ళు. చూడు." పాపిడి దగ్గర జుట్టు వేళ్ళతో పట్టి లాగింది. వేళ్ళ మధ్య వెంట్రుకలు ఊడి వచ్చాయి. "నాలుగు నెలల్నుంచి. ఈ మడి నేను పెట్టింది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో తడిబట్ట కట్టుకోకుండా ఈ గుండిగ ముట్టుకున్నానని, ఆవిడే నా చేత నీళ్ళు పారబోయించింది. ఇదే గుండిగ. అదుగో, ఆ చెట్టు మొదట్లోనే."

లోవలక్ష్మి గదిలోకి చూసింది. ఇన్నిరోజులూ ఆ కట్టుబాటు కోడలిదనుకుంది. ముసలామె కళ్ళు మూసుకుని ఉంది. మెడలోకి కారిన నీళ్ళను తుడిచే దిక్కు లేదు.

ఆమె దొడ్డి మెట్లు దిగింది. కొబ్బరిచెట్ల నీడలో పది అడుగులు వేసేసరికి వెనకనుంచి సంపూర్ణమ్మ మాట వినబడింది. అది తనతో కాదు, భర్తతో.

"నీడ గాబు దగ్గరికొచ్చింది. అత్తయ్యగారిని ఎవరు తిప్పుతారు?"

బుల్లిరాజుగారి జవాబు వినబడలేదు. లోవలక్ష్మి నిలబడే ఉంది.

"రా," అంది సంపూర్ణమ్మ అరుగుమీదనుంచి. "గుండిగ మండువాలో పెట్టిస్తాను. నువ్వు దాని వంక కూడా చూడకు."

*

మర్నాడు దొడ్డిలో చెట్లెక్కి కొబ్బరి దింపు తీస్తున్నారు. దింపుకి వచ్చిన చిట్టియ్య మొలకు కత్తి చెక్కుకుని, కాళ్ళకు బంధం వేసుకుని చెట్టెక్కాడు. గెలలు ధబధబ పడ్డాయి. లోవలక్ష్మి తడిసిన ఇసుకను చెట్ల అవతల ఆరబోస్తోంది. బుల్లిరాజుగారు అరుగుమీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

చిట్టియ్య దిగి, ఒక లేతబొండం ఎంచి, మూడు దెబ్బల్లో మూతి చెక్కి, చెమట కారుతున్న చేత్తోనే ఆయనకు అందించాడు. బుల్లిరాజుగారు ఎత్తి, గడగడ తాగాడు. గడ్డం తుడుచుకుని, డొల్ల పక్కన పడేశాడు.

లోవలక్ష్మి చేతిలో ఇసుక వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది.

ఆయన లోపలికి వెళ్ళాక ఆమె చిట్టియ్య దగ్గరికి వచ్చింది. "నువ్వు నరికింది రాజుగారు తాగుతారేంటి?"

చిట్టియ్య నవ్వాడు. "తాగరా మరి? ఆరి పెళ్ళికి వచ్చిన సోమయాజులుగారు కూడా నా సేతి బొండమే తాగారు. బొండానికి అంటేంటే? పైన కూసున్నోడు మూత పెట్టి పంపిన సెంబు. నేను మూత తీత్తాను, అంతే. అదే సేత్తో బావిలో సేద ఏత్తే మాత్రం బావి మైలపడిపోద్ది." కత్తి మళ్ళీ మొలకు చెక్కుకుని, ఇంకో గెల వైపు నడుస్తూ అన్నాడు. "నీకేం కావాలో సెప్పు, లేతదా, ముదురుదా?"

"మూతి చెక్కొద్దు," అంది లోవలక్ష్మి. "పీచు తీసెయ్యి. కన్ను కనబడితే సాలు."

ఆమె కొప్పులో సత్తియ్య వెదురుసూది ఉంది. అతను పోయినప్పటినుంచి కొప్పుకు అదే పెట్టుకుంటోంది. బొండాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, మెత్తటి కన్నులో సూదిమొన ఆన్చి, అరచేత్తో తొక్కింది. బుసక్ మని దిగింది. పక్కనే ఇంకో చిల్లు, దానికంటే చిన్నది. బొండం వంచింది. పెద్దచిల్లులోంచి నీళ్ళు సన్నటి దారంలా వచ్చాయి. చిన్నచిల్లు మీద వేలు వేసింది. దారం తెగిపోయింది. వేలు తీసింది. మళ్ళీ వచ్చింది. నాలుగైదుసార్లు అలా చేసి చూసుకుంది. ఎంత కావాలంటే అంత. ఒక్క చుక్క అంటే ఒక్క చుక్క.

గదిలోకి వెళ్ళి, ముసలామెను ఎడమపక్కకు తిప్పి, వీపుకు చుట్ట చుట్టిన చీర ఊతం పెట్టి, తల ముందుకు వంచింది. బొండాన్ని ఆమె కళ్ళ ముందు పట్టుకుంది. మూతి చెక్కలేదని, లోపలి నీళ్ళను ఏ చెయ్యీ తాకలేదని ముసలామెనే చూసుకోనిచ్చింది.

రత్నమాణిక్యమ్మగారు బొండం వంక చూసింది. దాన్ని పట్టుకున్న వేళ్ళ వంక చూసింది. మళ్ళీ బొండం వంక. దొడ్డిలో ఇంకో గెల పడింది.

ఆమె నోరు తెరిచింది. ఎడమవైపు మాత్రమే తెరుచుకుంది.

ఒక చుక్క. నాలుక కదిలింది. గొంతు పైకి లేచి, దిగేదాకా లోవలక్ష్మి ఆగింది. రెండు చుక్కలు. ఆగింది. పొలమారకుండా, దగ్గు రాకుండా, ఒక్కొక్క గుక్కకూ వేలు తీస్తూ, వేస్తూ కూర్చుంది. చెయ్యి నొప్పెట్టింది. మార్చుకోలేదు. గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. సంపూర్ణమ్మ వచ్చి నిలబడింది. లోవలక్ష్మి వెనక్కి తిరగలేదు. చిన్నచిల్లు మీద వేలు వేసి, ముసలామె మింగడం కోసం చూస్తోంది.

అప్పుడు రత్నమాణిక్యమ్మగారి ఎడమచెయ్యి ఇసుకమీదనుంచి లేచింది. వచ్చి, బొండాన్ని తడిమి, లోవలక్ష్మి వేలిని పట్టుకుంది. పట్టుకుని, చిల్లుమీదనుంచి లాగేసింది.

నీళ్ళు దారంగా వచ్చాయి. ఆమె తాగింది. వేలిని మాత్రం వదలలేదు.

సంపూర్ణమ్మ గుమ్మంలోంచి అదంతా చూసింది. చివరికి, "రోజుకి ఎన్ని కావాలి?" అంది.

"నాలుగు చాలండి."

"దించి ఉంచమని చిట్టియ్యకి చెబుతాను." వెళ్ళబోతూ ఆగింది. "ఆ చిల్లులు ఎలా పెట్టాలో నాకు చూపించి వెళ్ళు. రాత్రికి నేను పోస్తాను."

ఆ సాయంత్రం ఇసుక రెండు దోసిళ్ళ మేర తడిసింది. లేతరంగు. లోవలక్ష్మి దాన్ని తవ్వి తీసి, పొడి ఇసుక పోసి, గుంట సరిచేసి, ముసలామెను తిప్పింది. పుండు అంచు గులాబిరంగుకు తిరుగుతోంది. "రేపు పొద్దున్నే వత్తానండి," అంది. ముసలామె కళ్ళు ఆమె కొప్పులోని సూది మీద ఉన్నాయి. కనురెప్పలు ఒకసారి వాలి, లేచాయి.

మండువా గుండా సంపూర్ణమ్మకు చెప్పి వెళ్ళాలి. కావడి అప్పుడే వచ్చింది. పీటమీద గుండిగ అంచు దాకా నిండి ఉంది. లోవలక్ష్మి దానికి ఎడంగా, గోడవారగా నడిచి, దొడ్డిదారిన బయటపడింది.

పాలెం చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. గుంజ నీడ వాకిలి దాటి, పక్కింటి గోడ ఎక్కింది. కొత్తగంప దింపి, "వచ్చేశాను" అనబోయి, నోరు మూసుకుంది. ముంత గోడవారన నిటారుగా, తను పెట్టిన చోటే ఉంది. అడుగున కొంచెం ఇసుక చేరింది.

రత్నమాణిక్యమ్మగారు లోవలక్ష్మి చేత్తో మంచినీళ్ళు ఇంకా తాగలేదు. సత్తియ్య తాగాడో లేదో తేలని ఆ ముంతలో లోవలక్ష్మి ఇంకా నీళ్ళు పోయలేదు.